ఇజ్జక్క పంపిన పాముపిల్ల

మర్రాకేష్
ఆలివ్ కాయలు దించే రోజులు

ఇజ్జక్కకి తమ్ముడు అల్లాల్ సలాం.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మసీదు పంతులుగారు సీ ముబారక్‌కి కూడా సలాం. పంతులుగారూ, మీ ముక్కు మీద ఈగ వాలింది, తోలుకోండి. వాలలేదా? పోనీలెండి, అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా ఒకసారి మీ ముక్కు చూశారు కదా, నాకదే చాలు. మా అక్కకి చదువు రాకపోవడం మీ అదృష్టం, నా దురదృష్టం. నేనేం రాసినా ఊరంతా విన్నాకే ఆవిడ చెవిన పడుతుంది.

అక్కా, నువ్వు పంపిన పాముపిల్ల క్షేమంగా చేరింది. బస్సు డ్రైవరు హమ్ము కొండ దారి పొడుగునా దాన్ని తన ఉన్ని టోపీలో పెట్టుకుని తెచ్చాడట. పాము చల్లబడకూడదని నువ్వు చెప్పావట కదా, పెళ్ళాంతో పోట్లాడి వచ్చాను, నా నెత్తికన్నా వేడిగా ఇంకేముంటుంది అన్నాడు. పెన్సిలు లావుంది. తల మీద గుర్రపు లాడం అచ్చు గుద్దినట్టుంది. అందంలో మన అమ్మ తరఫు, మొండితనంలో నాన్న తరఫు.

ఎందుకంటే అది తినడం లేదు. గొర్రె కార్జం పెట్టాను. ఉడికిన గుడ్డు సొన పెట్టాను. నా బండి మీది నత్తల్లో పిల్ల నత్తని ఏరి పెట్టాను. నాలుకతో ఒకసారి తడిమి, పెళ్ళి విందులో మగపెళ్ళివారి మేనత్త కూరకి వంక పెట్టినట్టు మొహం తిప్పుకుంది.

పెదనాన్న బిహి ఇంకా కోపంగానే ఉన్నాడా? పోయిన ఉరుసులో ఆయన అంగీకి వీపు మీద వేలాడే టోపీలో నేను జారవిడిచింది ఈ జాతి పామే, చుక్క విషం లేదు. పాములవాళ్ళ పెద్ద, తాచుని మెడలో వేసుకుని తిరిగే మనిషి, మెడ వెనక చల్లగా తగిలేసరికి మేకపిల్లలా అరిచి డప్పుల మీద పడతాడని నేను కలగన్నానా? జనం నవ్వారు. నేను కాస్త ఎక్కువ నవ్వాను. దానికి నన్ను పాములవాళ్ళు కూర్చుని ఆడించే వలయంలోంచి లేపేశాడు. పాములాడించిన చేతులతో ఈ ఊరి మధ్య మైదానంలో నత్తల పులుసు అమ్ముకుంటున్నాను.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకి వాడి చేత్తో తిండి అలవాటు చేసి, వసంతంలో ఉరుసుకి బతికుండగా తెస్తే వాడికి మళ్ళీ చోటిస్తానని పెదనాన్న అన్నాడు, సరే. మధ్యలో నిన్నెవరు లేవమన్నారు? వాడు బతికించలేకపోతే నా గుడ్ల కుండలు మీ కోడలికి అప్పగిస్తాను అని నిండు సభలో ఎందుకన్నావు? పాములవాళ్ళ ఇంట్లో మొగుడు పోయిన ఆడదానికి గుడ్లు పొదిగించే ఆ కుండలు తప్ప ఇంకేం చోటుంది? ఇప్పుడు ఈ పురుగు తినకపోతే నీ కుండలు పోతాయి. ఏం పెట్టాలో వెంటనే చెప్పు.

నీ తమ్ముడు
అల్లాల్

*

ఐత్ ఊసూర్
తారూదాంత్ దగ్గర

తమ్ముడు అల్లాల్‌కి ఇజ్జ దీవెనలు.

నేను చెబుతుంటే పంతులుగారు రాస్తున్నారు. ఆయన ముక్కు జోలికి పోకు. ఆయన లేకపోతే నీ విషయంలో నేను చెవిటిదాన్నీ, మూగదాన్నీ.

కార్జం పెట్టావా? అది పిల్లి అనుకున్నావా? నువ్వు పుట్టింది పాములవాళ్ళ ఇంట్లోనే కదరా. పెద్ద పాముల్ని ఆడించడం నేర్చుకున్నావు గానీ పిల్లని పెంచడం ఆడవాళ్ళ పని అని ఏనాడూ నా కుండల వైపు చూడలేదు. ఇప్పుడు విను.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల కడుపులో ఇంకా సొన ఉంటుంది. మొదటి కుబుసం విడిచేదాకా దానికి ఆకలంటే తెలియదు. అప్పటిదాకా నీళ్ళు పెట్టి ఊరుకో. పెద్ద బుట్టలో వేశావేమో, తీసెయ్. అంత చోటుంటే భయపడుతుంది. మూతి ఇరుకైన కుండలో వెయ్యి. కుండ గోరువెచ్చగా ఉండాలి. కుబుసం విడిచాక బతికున్న చిన్న బల్లిని లోపల వదిలి, మూత కట్టి, వెళ్ళిపో. చూస్తూ కూర్చోకు. కొత్త కోడలు మామగారు చూస్తుంటే తింటుందా?

పట్టుకోకు. పట్టుకున్న చెయ్యి దానికి గద్ద కాలు. ఎంత ఆకలున్నా గద్ద కాళ్ళలో కూర్చుని ఎవరూ తినరు. వాడి చేత్తో అని పెదనాన్న అన్నది నువ్వు పెట్టింది తినాలని, అంతే. నీ అరచేతిలో విస్తరి వెయ్యమని కాదు.

ఇంకొక్క మాట. ఎంత మొండికేసినా దాని నోరు తెరిచి పెట్టకు. మన ఇంటి చెయ్యి పాము నోరు తెరవదు. తెరిచిన చెయ్యే రేపు దాని మూతి కుడుతుంది. మూతులు కుట్టేసిన పాముల్ని ఆడించేవాళ్ళు మీ మైదానంలో ఉన్నారు, రోజూ చూస్తున్నావు.

కుండల సంగతి నాకు వదిలెయ్. నువ్వు నవ్వులపాలు కావడం అలవాటైంది గానీ, నిన్ను వలయం బయట కూర్చోబెట్టి లోపల నేను వడ్డించడం నా వల్ల కాలేదు. అందుకే లేచాను.

ఇజ్జ

(రాసేవాడి మాట: ఈగ నిజంగానే వాలింది. మొదట నేనే నవ్వాను. ముబారక్)

*

మర్రాకేష్
శుక్రవారం

ఇజ్జక్కకి సలాం. పంతులుగారికి రెండు సలాములు. నవ్వే పంతులు ఉన్న ఊళ్ళో వానలు పడతాయి.

కుబుసం విడిచింది. కన్నెపిల్ల మేజోడులా పల్చగా, ఎక్కడా చిరగకుండా వచ్చింది. దాచాను, నీకు పంపుతాను.

కుండ కూడా కుదిరింది. ఇక్కడ మగవాళ్ళు మాంసం వేసి వేన్నీళ్ళ స్నానాల హమ్మాం పొయ్యి బూడిదలో పెట్టి ఉడికించే తంజియా కుండ లేదూ, అది. మూతి ఇరుకు, పొట్ట వెడల్పు, అచ్చం మన హమ్ములాగే. మూతికి కాగితం కట్టి, గాలికి బెజ్జాలు పొడిచి, హమ్మాం పొయ్యి గదిలో గోడ గూట్లో పెట్టాను. బూడిదకి దూరంగానే, భయపడకు. అక్కడ పొద్దున్నా సాయంత్రం ఒకటే వెచ్చన. పొయ్యి కాసే బూజమాకి లోపలేముందో చెప్పాను. నమ్మలేదు. నా మాట ఎవడు నమ్మాడని.

నమ్మకపోవడం వల్ల ఏమైందో విను. నిన్న జీనులు కుట్టేవాళ్ళు నలుగురు తోటలో విందు చేసుకుందామని తమ కుండ కోసం వచ్చారు. బూజమా వాళ్ళకి మన కుండ ఇచ్చి పంపాడు. నేను వెళ్ళేసరికి గూడు ఖాళీ. చెప్పులు వదిలేసి పరిగెత్తాను అక్కా. తోటలో చాప పరిచి, రొట్టెలు విరిచి పెట్టుకుని, ఒకడు బిస్మిల్లా అంటూ దారం విప్పుతున్నాడు. ఆగండ్రా అని అరిచాను. వాళ్ళు కుండలోకీ చూశారు, నన్నూ చూశారు, ఇది నా వేళాకోళమే అనుకుని కొట్టడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు దాటాక జీవితంలో మొదటిసారి నేనేమీ చెయ్యని పనికి తన్నులు తిన్నాను. చేసినవాటికి బాకీ అనుకుని ఊరుకున్నాను. కుండ మాత్రం వదల్లేదు.

ఇంత చేసినా అది తినడం లేదు. నువ్వు చెప్పినట్టే దీపం గోడ మీది బల్లిపిల్లని పట్టి వదిలాను. మర్నాడు చూస్తే బల్లి దాని తల మీద కూర్చుని కునుకు తీస్తోంది. వెన్నెముక పైకి తేలుతోంది. మొన్నటిదాకా గుండ్రంగా ఉండేది, ఇప్పుడు మూడు పలకలుగా కనిపిస్తోంది.

అందరూ అడుగుతున్నారు. ధాన్యం వర్తకుడు దానికి సుల్తానా అని పేరు పెట్టాడు. నాలుక కొస ఎర్రగా ఉందనీ, అలాంటివి మొండివనీ అంటాడు. నత్తలు తినడానికి వచ్చినవాళ్ళంతా తలా ఒక సలహా చెబుతున్నారు. నాకు మాత్రం నీ మాట కావాలి.

అల్లాల్

*

ఐత్ ఊసూర్

అల్లాల్,

ఉత్తరం చదివినప్పుడు తన్నుల దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఒకటి అడగాలనిపించింది. కాగితం కట్టిన కుండలో, పొయ్యి గది గూట్లో ఉన్న పాము నాలుక కొస ఎర్రగా ఉందని ధాన్యం వర్తకుడికి ఎలా తెలిసింది?

నువ్వు దాన్ని బయటికి తీస్తున్నావు. బండి దగ్గరికి తెస్తున్నావు. కాదంటే కాదని రాయి, నమ్ముతాను.

తీస్తుంటే ఇవాళే మానెయ్. బల్లి పనికి రాకపోతే కళ్ళు తెరవని ఎలుకపిల్లని తీసుకో. ధాన్యం కొట్లలో దొరుకుతాయి. బల్లి ఒళ్ళు దానికి బాగా రుద్దు. వాసన బల్లిది ఉండాలి, కదలిక ఎలుకది. చీకట్లో పెట్టి పో. ఒక పూట కాదు, నాలుగు పూటలు తినకపోయినా మళ్ళీ పెట్టు. నా దగ్గర కూడా గుడ్డులోంచి ఆలస్యంగా వచ్చిన మూడు పిల్లలు తినకుండానే ఉన్నాయి. నేనూ ఇదే చేస్తున్నాను. నాకు తొందర లేదు. నీకుంది.

ఎందుకంటే పెదనాన్న గడువు పెట్టాడు. మన ఊరి వెనక గట్టు మీద మంచు కనిపించేలోపు వాడి పాము తిన్నదన్న కబురు రావాలి, రాకపోతే కుండలు కోడలి ఇంటికి మారిపోతాయన్నాడు. చలి ముదిరాక ఎలాగూ పిల్ల తినదు, చస్తుంది, కాబట్టి ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక, మీ తమ్ముడి సుల్తానా భోంచేసిందా అని అందరి ముందూ అడుగుతున్నాడు. పేరు కూడా ఊరికి తెలిసిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట మారుస్తున్నారు. ఆయన కోడలు మొన్న వచ్చి కుండలు పెట్టుకోవడానికి తన ఇంట్లో ఎంత చోటు కావాలో మా ఇంట్లో కొలత తీసుకుని పోయింది. మంచి పిల్లే, కళ్ళెత్తి చూడలేదు. దానికే సిగ్గేసింది.

ఇజ్జ

*

మర్రాకేష్
బుధవారం

ఇజ్జక్కకి సలాం. పంతులుగారూ, గొంతు సవరించుకుని, లేచి నిలబడి చదవండి.

తిన్నది.

నా చేత్తో పెట్టింది తిన్నది. ధాన్యం వర్తకుడి సంగతంటావా, వాడు పొయ్యి గదికొచ్చి బెజ్జంలోంచి తొంగి చూశాడు, అంతకన్నా ఏమీ లేదు.

ఎలా తిన్నదో చెబుతాను. నీ ఎలుకపిల్ల పని చెయ్యలేదు. నా బుర్రకి ఒకటి తోచింది. గొర్రె కార్జాన్ని వేలి గోరంత ముక్కలు కోసి, నువ్వు పంపిన ఆర్గాన్ గింజల నూనెలో నానబెట్టి, బూడిద పక్కన పెట్టి వెచ్చబరిచాను. మొదటి ముక్క మాత్రం ఆలివ్ పుల్లతో కాస్త నోరు తెరిచి లోపలికి జరపాల్సి వచ్చింది. నువ్వు వద్దన్నావని తెలుసు. ఒక్కసారే. రుచి తెలిశాక రెండో ముక్క నా వేళ్ళ మధ్యనుంచి తనే లాక్కుంది. మూడోది కూడా. తిన్నాక నా బొటనవేలు చుట్టూ చుట్టుకుని పడుకుంది. సుల్తానా కాదు, అన్నం తిన్న బిడ్డ.

పెదనాన్నకి చెప్పు. గట్టు మీద మంచు ఇంకా పడలేదని హమ్ము అన్నాడు. కోడలి కొలతలు ఆవిడ దగ్గరే ఉంచుకోమను.

అల్లాల్

*

ఐత్ ఊసూర్

నా తమ్ముడు అల్లాల్‌కి, దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి.

నీ ఉత్తరం అరుగు మీద మూడుసార్లు చదివించారు. పంతులుగారు నిజంగానే లేచి నిలబడ్డారు.  పెదనాన్న, కుర్రవాడిని నేను తక్కువ అంచనా వేశాను అన్నాడు. నిన్ను కుర్రవాడు అన్నాడురా, ఈ వయసులో. కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రం గొర్రె జబ్బ ముక్క మా ఇంటికి పంపించాడు. నేను కుస్కుస్ వండి వీధిలో అందరికీ పెట్టాను. ఆయన కోడలు రెండుసార్లు పెట్టించుకుని తిని, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. దాని గుండెల మీద బరువు దిగిందట.

నోరు తెరిచి పెట్టావని విన్నప్పుడు మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. మన ఇంటి చెయ్యి ఆ పని చెయ్యదు.  పెదనాన్నే అన్నాడు, పాము బతికింది, వాడి వేలు చుట్టుకుంది, అంటే మనం ఉరుసు చేసే పీరుగారు ఒప్పుకున్నట్టే, మనకి తెలియని దారి ఒకటి ఉందన్నమాట అని.

రాత్రంతా అదే ఆలోచించాను. కార్జం వద్దన్నది నేను. నోరు తెరవొద్దన్నది నేను. నువ్వు రెండూ చేసి గెలిచావు. ఇన్నేళ్ళుగా నా కుండల్లో గుడ్డులోంచి ఆలస్యంగా వచ్చిన పిల్లలు ఎన్నో తినక చచ్చాయి. రాసిపెట్టి లేదు అనుకుని పాతిపెట్టేదాన్ని. రాతలో కాదేమో, నా మొండితనంలో ఉందేమో లోపం. నత్తలమ్ముకునే నా తమ్ముడు కనిపెట్టేదాకా నాకు తోచలేదు. సిగ్గుగా ఉంది. సంతోషంగానూ ఉంది.

నా మూడు పిల్లలూ ఇంకా తినలేదు. కార్జం తెప్పించాను. రేపో ఎల్లుండో నీ పద్ధతిలోనే పెడతాను.

ఇజ్జ

*

మర్రాకేష్
బస్సు స్టాండు

అక్కా, పెట్టకు.

పంతులుగారూ, ముందు ఈ రెండు ముక్కలు చదివి ఎవరినైనా అక్క ఇంటికి పరిగెత్తించండి. పుల్ల ముట్టుకోవద్దని, నోరు తెరవొద్దని చెప్పించండి. తర్వాత మిగతాది చదవండి. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో తెలియదు, అందుకే హమ్ము చేతికి ఇస్తున్నాను. బస్సు కదలబోతోంది. ఇక్కడి నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

అది తినలేదు. కార్జం లేదు, నూనె లేదు, పుల్ల లేదు. నువ్వు పంపిన నూనె సీసా మూత కూడా తియ్యలేదు. బొటనవేలు చుట్టుకోవడం కూడా నేను అల్లిందే. అబద్ధానికి కాళ్ళూ చేతులూ పెడితేనే నడుస్తుందని పెట్టాను. అది నీ ఇంటిదాకా నడిచి నీ పిల్లల నోళ్ళు తెరుస్తుందని అనుకోలేదు.

నువ్వడిగింది నిజం. రోజూ సాయంత్రం దాన్ని బయటికి తీశాను. నత్తల పళ్ళెం అంచు చుట్టూ తిప్పాను. చిన్న పాముని చూడ్డానికి జనం మూగారు. మూగినవాళ్ళు తలా ఒక గిన్నె పులుసు తాగారు. ఒకరోజు ధాన్యం వర్తకుడి టీ గ్లాసులో దించాను, వాడు ఎగిరిపడ్డాడు, అందరూ నవ్వారు. వలయంలో కూర్చున్నప్పటి నవ్వే అక్కా అది. ఎన్ని నెలలకో విన్నాను. మర్నాడు మళ్ళీ తీశాను. కాగితం తీసిన ప్రతిసారీ కుండ అడుక్కి పోయి ముద్దలా చుట్టుకునేది. ఆటలాడుతోంది అని జనానికి చెప్పేవాణ్ణి. భయపడుతోందని నాకు తెలుసు. పాములవాళ్ళ ఇంట్లో పుట్టిన నాకు తెలియకుండా ఉంటుందా?

నీ కుండలు పోకూడదని అబద్ధం రాశాను అని మొదలుపెట్టబోయాను. అదీ సగమే నిజం. పెదనాన్న ప్రతి శుక్రవారం అడుగుతున్నాడని నువ్వు రాశావు చూడు, ఆ అరుగు మీద నా పేరు చెప్పి నవ్వుతున్నవాళ్ళ మొహాలు కనిపించాయి. ఇన్నాళ్ళూ అందరినీ నవ్వించినవాణ్ణి, నన్ను చూసి నవ్వితే ఒక్క రోజు ఓర్చుకోలేకపోయాను.

పంతులుగారూ, తిన్నదన్న ఉత్తరం ఎక్కడ నిలబడి చదివారో ఇదీ అక్కడే నిలబడి చదవండి. పెదనాన్న వచ్చేదాకా ఆగండి. ఒక్క వాక్యం మింగొద్దు. అక్కని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకండి. ఆవిడ నన్ను నమ్మింది, అంతే.

హమ్ము హారన్ కొడుతున్నాడు.

అల్లాల్

*

ఐత్ ఊసూర్
గట్టు మీద మంచు పడింది

అల్లాల్,

నీ ఉత్తరం చేరేసరికి రెండు పిల్లలకి పెట్టేశాను. ఒకటి తెల్లారేసరికి చచ్చింది. ఇంకోటి కక్కేసి, మూడు రోజులు పడుకునే ఉండి, ఇప్పుడు తల ఎత్తుతోంది. మూడోదాన్ని ముట్టుకోలేదు.

నీ ఉత్తరం నువ్వన్నట్టే అందరి ముందూ చదివారు. పంతులుగారు ఒక్క వాక్యం మింగలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పెదనాన్న లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు కోడలు వచ్చి కుండలు తీసుకుపోయింది. నేనే ఇసుకతో సహా ఎత్తి దాని తల మీద పెట్టాను. అది ఏడ్చింది. నేను ఏడవలేదు. మాట ఇచ్చిన రోజే అవి సగం పోయాయి.

నీ మీద నాకు కోపం ఉంది. కానీ సిగ్గు నీ వల్ల కాదు, నా చెయ్యి వల్ల. పుల్ల పట్టుకోగానే నా చెయ్యి ఆగిందిరా. వద్దని దానికి తెలుసు. ఆ పిల్ల దవడ ఎంత ఉంటుంది, వడ్లగింజ అంత. నా చెయ్యి ఆగితే నేను నీ ఉత్తరం గుర్తు తెచ్చుకుని ముందుకి తోశాను. జన్మంతా ఏ చేతిని నమ్ముకుని బతికానో దానికన్నా నీ కాగితాన్ని ఎక్కువ నమ్మాను. ఇప్పుడు రొట్టె పిండి కలిపేటప్పుడు కూడా ఆ చేతిని చూడలేకపోతున్నాను.

నీ దగ్గరున్నదాని సంగతి. బండి దగ్గరికి తేకు. కుండలో పెట్టు, బల్లి వాసన పట్టించిన ఎలుకపిల్లని వదులు, కాగితం కట్టు, వెళ్ళిపో. నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చడానికి తప్ప విప్పకు. తింటే నాకు రాయకు. చస్తే కూడా రాయకు. నువ్వు రాస్తే నేను నమ్మాలి కదా. నా వల్ల కాదు.

ఇజ్జ

(రాసేవాడి మాట: ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. నా సొంతంగా ఇంకేమీ కలపదలచుకోలేదు. ముబారక్)

*

మర్రాకేష్

ఇజ్జక్కకి,

హమ్ముతో కుండ పంపుతున్నాను. చుట్టూ ఉన్ని చుట్టాను, లోపల వేడి ఇటుక ముక్క గుడ్డలో కట్టి పెట్టాను. కొండ మలుపుల్లో కుదపొద్దని అతనికి చెప్పాను. పది రోజుల ముందే పంపుదామనుకున్నాను, చలి తగ్గాలని ఆగాను.

ఏమీ రాయొద్దన్నావు. రాయడం లేదు. నువ్వే విప్పి చూడు.

ఇక నేను ఉరుసుకి రాను. పాము నీదే, నాకు అక్కర్లేదు. బండి దగ్గర సుల్తానా ఏదని అడుగుతున్నారు. లేదు అంటున్నాను. పులుసు తాగేవాళ్ళు సగానికి తగ్గారు. నత్తలు బాగానే ఉన్నాయి.

పంతులుగారికి సలాం. ఆయన ముక్కు గురించి ఈసారి ఏమీ లేదు.

అల్లాల్

*

ఐత్ ఊసూర్
బాదం పూతలు వచ్చాయి

తమ్ముడు అల్లాల్‌కి,

కుండ చేరింది. నేనొక్కదాన్నే విప్పలేదు. పెదనాన్ననీ, ఆయన కోడలినీ, పంతులుగారినీ పిలిచాను. ఇప్పుడు నా మాటకి కూడా సాక్షులు కావాలి, నేను అలవాటు చేసుకుంటున్నాను.

కాగితం తీశాం. బతికే ఉంది. మూడు పలకలన్నావు, ఇప్పుడు గుండ్రంగానే ఉంది. కుండ అడుగున ఎండిన రెట్ట ఉంది, అక్కడక్కడా కొత్తది కూడా. పెదనాన్న వేలితో తీసి వాసన చూశాడు. తినని పాము వెయ్యదు. ఒక్కసారి తిన్న పాము అంత వెయ్యదు. ఆయన వేలు అంగీకి తుడుచుకుని, తిన్నది, అన్నాడు.  నేను ఎలుకపిల్లని వదిలి అందర్నీ బయటికి పంపించేశాను. పొద్దున్న చూస్తే ఎలుకపిల్ల లేదు.

పెదనాన్నని నీ గురించి అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. పాము తిన్నది గానీ వాడికి వలయంలో చోటు లేదన్నాడు. పాము కోసం కాదు, చచ్చిన పిల్ల కోసం. నేను ఎదురు చెప్పలేదు. నీ తరఫున మళ్ళీ లేవలేను. కుండలు కోడలి దగ్గరే ఉంటాయి. ఇసుక ఎంత తడపాలో అడగడానికి అది రోజూ వస్తోంది. చెబుతున్నాను. నా చెయ్యి పెట్టడం లేదు, నోటితోనే చెబుతున్నాను.

ఉరుసుకి రానన్నావు. రా. వలయం వైపు చూడకు, అడగకు, ఎవరినీ నవ్వించకు. ఈసారి నాకు వడ్డన లేదు, వెనక వంటల దగ్గర గిన్నెలు తోమే పని ఇచ్చారు. ముగ్గురు ఆడవాళ్ళ పని, ఒక్కదాన్నే ఉన్నాను. నా పక్కన కూర్చుంటే జనం చూస్తారు. చూడనీ. నాకు మోకాళ్ళు వంగడం లేదు, పెద్ద డేగిసాల అడుగు మాడు నువ్వే గీకాలి. వచ్చేటప్పుడు ఏటి దగ్గర ఆగి, ముతక ఇసుక ఒక సంచి మోసుకుని రా.

ఇజ్జ